ఒక్క టైరు చాలదా, అల్లుడుగారూ?

న్యూజెర్సీలో మార్చి అంటే గుంతల నెల. మంచు కరిగి తారు లేచిపోయిన చోట సుబారు ఔట్‌బ్యాక్ కుడి వెనక చక్రం దబ్బున పడింది. టైరు పక్క గోడ, అదే సైడ్‌వాల్, బూరెలా ఉబ్బింది. నేలకానే భాగం, అంటే ట్రెడ్, దాని మధ్యలో మేకు దిగి, బొక్క పావు అంగుళం దాటకపోతే లోపలి నుంచి ప్యాచ్ వేస్తారు. సైడ్‌వాల్ ఉబ్బిందంటే మాత్రం లోపలి దారాలు తెగినట్టే, దానికి అతుకు లేదు.

"నాలుగూ మార్చాలి" అన్నాడు షాపువాడు. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చిన మామగారికి ఒళ్ళు మండింది. "ఒక్క పన్ను పుచ్చితే నోరంతా పీకించుకుంటామా, అల్లుడుగారూ?"

అల్లుడు నోరెత్తలేదు. ఎత్తి చెప్పాల్సిన లెక్క ఇది. కొత్త టైరు గాడి లోతు 10/32 అంగుళాలు. కారుకున్న మిగతా మూడూ 5/32కి అరిగాయి. తేడా 4 మిల్లీమీటర్లే, బియ్యపుగింజంత కూడా లేదు. కానీ అది చుట్టుకొలతలో 25 మిల్లీమీటర్లవుతుంది. 225/60 ఆర్18 టైరు చుట్టుకొలత దాదాపు 2.28 మీటర్లు కాబట్టి, కొత్త చక్రం కంటే పాతది కిలోమీటరుకు అయిదు చుట్లు ఎక్కువ తిరగాలి. కుడి ఎడమల తేడాని డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక సర్దుకుంటుంది, మలుపు తిరిగిన ప్రతిసారీ అది చేసే పని అదే. కానీ ఈ కారుని నాలుగు చక్రాలూ లాగుతాయి, అందుకే చిక్కంతా ముందు వెనకలది. ఆ అయిదు చుట్ల తేడాలో సగం, ముందు చక్రాల్నీ వెనక చక్రాల్నీ కలిపే క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. తిన్నటి హైవే మీద కూడా అవి రాసుకుంటూ, వేడెక్కుతూ, నూనెని మాడుస్తూ ఉంటాయి. ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి అరిగిన చెప్పు వేసుకుని అన్నవరం కొండ ఎక్కితే నడుముకి పట్టే గతే. రెండు చక్రాలే లాగే కారైతే ఈ క్లచ్చే ఉండదు.

ఈ లెక్క వినని మామగారు చవకలో ఒక టైరు పట్టుకొచ్చి బిగింపించారు. సైజు అంకెలు సరిపోయాయి, కంపెనీ వేరు. అంకెలు ఒకటే అయినా అసలు కొలత కంపెనీకో రకంగా ఉంటుంది. పైగా టైరు పక్కన అచ్చేసే డాట్ కోడ్ చివర 1418 అని ఉంది, అంటే 2018లో 14వ వారం సరుకు. పాతబడితే రుచి పెరగడానికి అది చింతకాయ పచ్చడి కాదు.

నెల తిరిగేసరికి కిరాణా షాపు పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చాలు, కారు మొండి దూడలా మొరాయించడం మొదలెట్టింది. "వెనక నుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టుంది, దిష్టే" అని అత్తగారు తేల్చేశారు.

మెకానిక్ గేజి పెట్టి ఒక్కో టైరు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలిచాడు. ఇలాంటి కార్లకు చాలా కంపెనీలు ఒప్పుకునే తేడా 2/32, మహా అయితే 3/32. ఇక్కడ అయిదు. ప్లేట్లు ఇంకా కాలలేదు, గేర్‌బాక్స్ ఆయిల్ ఖర్చుతో గండం గడిచింది. పాతవి 4/32కి దిగి ఉంటే నాలుగూ కొనడమే మేలు. 5/32 ఉన్నాయి గనక ఇంకో దారుంది: మిగతా మూడూ ఏ కంపెనీవో, ఏ మోడలో, సరిగ్గా అదే కొత్తది కొని, దాన్ని యంత్రం మీద 5/32కి చెక్కించాలి. ఆ తర్వాత ప్రతి 6,000 మైళ్ళకీ టైర్ల చోట్లు మార్పిస్తే నాలుగూ కలిసి అరుగుతాయి.

నిగనిగలాడే కొత్త టైరు నుంచి రబ్బరు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే మామగారు గుండె పట్టుకున్నారు. "తిరుమల కల్యాణకట్టలో గుండు ఉచితం కదయ్యా! కొత్త టైరుకి గుండు కొట్టి పైగా డబ్బులడుగుతారా?"

ఇంటికి రాగానే అత్తగారు చక్రాల కిందకి నాలుగు నిమ్మకాయలు తెచ్చారు. మామగారు వాటిని వరసగా పేర్చి, ఒక కన్ను మూసి చూసి, ఒకటి లావుగా ఉందని వెనక్కి పంపేశారు.