మైనస్ 80 డీప్ ఫ్రీజర్ గారి సముఖమునకు

బ్లడ్ బ్యాంకు లోపలి గదిలో, ఏసీ కింద, సొంత స్టెబిలైజరుతో కొలువుదీరిన మైనస్ 80 డీప్ ఫ్రీజర్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. కరెంటు పోతే జనరేటరు ఉంది. తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటే మీరు కుయ్యోమనడం ఆలస్యం, పరుగెత్తుకొచ్చే మనుషులున్నారు. ఆ పక్కన వార్డుల్లో ఎంత కుయ్యోమన్నా రారు కానీ, ఆ గొడవ మనకెందుకు.

నిన్న భోజనం దగ్గర కూర్చోగానే మీ వాళ్ల ఫోను. "మేడమ్, అర్జెంటుగా ఒక యూనిట్ కావాలి, రాగలరా?" అదేమిటి బాబూ, ఆపరేషన్ ఉందన్న ఆవిడకనే కదా రక్తం ఇచ్చి వెళ్లాను అన్నాను. ఆవిడకి షుగరు దిగలేదని గర్భసంచి ఆపరేషన్ వాయిదా వేశారట. తర్వాత ఇంకోసారి వేశారట. ఈలోపు నా ఎర్రకణాల గడువు 42 రోజులు నిండిపోయాయట. "ఎక్స్‌పైరీ అయిపోయిందండీ, డిస్కార్డ్ చేసేశాం."

"మరి అందులోంచి విడదీసిన పసుపు నీరు, నా ప్లాస్మా?"

"అది భద్రంగా ఉంది మేడమ్! డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం. ఏడాది దాకా ఢోకా లేదు."

అందుకే ఈ ఉత్తరం ఆ కుర్రాడికి రాయకుండా తమరికి రాస్తున్నాను.

నాది బాంబే గ్రూపు. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం బయటపెట్టిన గ్రూపు. ఎర్రకణం మీద ఎ, బి గుర్తులే కాదు, వాటికి పునాది అయిన హెచ్ కూడా ఉండదు. మన దేశంలో సుమారు పదివేల మందికి ఒకరు. మాకు 'ఓ' గ్రూపు రక్తం కూడా ఎక్కదు, మాలాంటివాళ్లదే కావాలి. మా అమ్మ మా నాన్నకి సొంత అక్క కూతురు. పొలం ఇల్లు దాటకూడదని చేసిన పెళ్లి. పొలం ఎప్పుడో దాటిపోయింది. ఇది మాత్రం దాటకుండా నాకూ తమ్ముడికీ సమానంగా వచ్చింది.

ఇప్పుడు తమరు దాచిన సొత్తు సంగతి చూద్దాం. నా ప్లాస్మాలో యాంటీ ఎ, యాంటీ బి, యాంటీ హెచ్ అనే మూడు యాంటీబాడీలూ ఉంటాయి. మామూలు మనిషికి ఎక్కిస్తే అతని ఎర్రకణాల వెంటపడతాయి. మాలాంటివాళ్లకి తప్ప ఎవరికీ పనికిరాని ఆ పదార్థానికి మీ దగ్గర ఏడాది బస! ఇక ఎర్రకణాలంటారా, మాలాంటివాళ్లకి ప్రాణాధారం. అంతగా గడువు దగ్గరపడితే, పాజిటివ్ అయితే చాలు, గ్రూపు ఏదైనా సరే, క్రాస్‌మ్యాచ్ (సరిపడుతుందో లేదో పరీక్ష) చేసి ఎక్కించొచ్చు. వాటిని మీ పక్కనున్న మామూలు ఫ్రిజ్‌లో, రెండు నుంచి ఆరు డిగ్రీల చల్లదనంలో పడేసి, క్యాలెండరు చూసుకుంటూ కూర్చుని, చివరికి పసుపు సంచిలోకి తోశారు. మొదటి వాయిదా పడేసరికి నేను ఇంకా ఇల్లు కూడా చేరలేదు.

మీరేమంటారో తెలుసు. "అమ్మా, నా చలికి ఎర్రకణాలు ఆగవు. లోపలి నీరు గడ్డకట్టి పొర చిట్లిపోతుంది." నిజమే. దానికి జవాబు 1950లోనే లండన్‌లో ఆడ్రీ స్మిత్ చెప్పేసింది. గ్లిజరాల్ కలపమంది. అంతకు ముందు ఏడాది ఆవిడా, తోటివాళ్లూ దాన్ని కోడిపుంజు వీర్యం మీద పరీక్షించి చూశారు. (కోడిపుంజుకి ఇవ్వాల్సిన మర్యాద ఏమిటో మా గోదావరి జిల్లాలవాళ్లకి తెలుసు, లండన్‌వాళ్లకీ తెలిసిందని సంతోషించాను.) గ్లిజరాల్ కణంలోకి దిగి, నీటిని ఇష్టమొచ్చినట్టు గడ్డకట్టనివ్వదు. ఆవకాయకి నూనె ఎలాగో దానికి ఇది అలాగ. 40 శాతం గ్లిజరాల్ పోసి తమ సన్నిధిలో, ఈ మైనస్ 80లోనే పెడితే, అమెరికా ప్రమాణాల ప్రకారం పదేళ్లు. పదేళ్లండీ! 42 రోజులు కాదు.

ఇదేదో నిన్నో మొన్నో ల్యాబులో పుట్టిన ముచ్చట కూడా కాదు. 1966లో వియత్నాం యుద్ధంలో, దనాంగ్‌లో అమెరికా నేవీ ఆసుపత్రిలో గడ్డకట్టించిన రక్తం కరిగించి సైనికులకి ఎక్కించారు. డచ్చి సైన్యం బోస్నియాకీ, అఫ్గానిస్తాన్‌కీ మోసుకుపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అరుదైన గ్రూపుల కోసమే ఒక ఘనీభవన రక్తనిధి నడుస్తోంది. నేవీ డాక్టరు వాలెరీ బృందం అయితే, 37 ఏళ్ల దాకా మైనస్ 80లో ఉన్న ఎర్రకణాలని కరిగించి పరీక్షించింది. అఫ్గానిస్తాన్ ఎడారిలో కుదిరింది ఏసీ గదిలో ఎందుకు కుదరలేదు?

నీకు చలి ఉంది. కరెంటు ఉంది. నీ కింది అర ఖాళీగా ఉంది, నేను నా కళ్లతో చూశాను, అందులో ఎవరిదో ఐస్‌ప్యాక్ పడుకుని ఉంది. లేనిదల్లా గ్లిజరాలు, కరిగించాక దాన్ని కడిగే మెషీను, కడగడం వచ్చిన ఒక మనిషి. ముందు గాఢమైన ఉప్పునీటితో, తర్వాత పలచటి దానితో, ఓపిగ్గా గంటకు పైగా కడగాలి. కడగడంలో ఐదోవంతు దాకా పోవచ్చు. పాత పద్ధతిలో అయితే కడిగిన 24 గంటల్లో ఎక్కించేయాలి. ఖర్చే, కాదనను. వచ్చిన వారంలోనే వెళ్లిపోయే ఓ పాజిటివ్‌కి ఈ వైభోగం చెయ్యమని ఎవరూ అడగరు. మాబోటి నలుగురికి చెయ్యమంటున్నాను, అంతే.

చెయ్యలేదు. ఎందుకంటే ఆ ఖర్చు లేకుండా మీ వాళ్లకి ఒక ఫ్రీజరు దొరికింది. నేను. సామర్లకోటలో ఉంటాను, 37 డిగ్రీల దగ్గర నడుస్తాను, కరెంటు బిల్లు నేనే కట్టుకుంటాను. మీ వాళ్ల ఫోనుల్లో నా పేరు "బాంబే మేడమ్" (బొంబాయి నేను సినిమాల్లో చూడటమే). పెళ్లిలో తలంబ్రాలు పోస్తుంటే ఫోను. రైల్లో ఉంటే ఏ స్టేషన్‌లో దిగగలరని ఫోను. హీమోగ్లోబిన్ 12.5 ఉండాలి కాబట్టి ఐరన్ మాత్రలు వేసుకుంటూ, మలబద్ధకంతో సహా నిన్ను నేను మోస్తున్నాను.

ఆడవాళ్లు రక్తం ఇచ్చాక 120 రోజులు ఆగాలి, రూలు మీదే కదా, ఇంకా నిండలేదు అని నిన్న చెప్పాను. "డాక్టరు గారితో మాట్లాడి చూస్తాం మేడమ్" అన్నాడు. ఆయన మాట్లాడాల్సింది నా ఎముకల్లోని మూలుగతో.

నాయకుడి పుట్టినరోజని ఒక్క పూటలో వందల బ్యాగులు నింపి, అవన్నీ ఒకే వారంలో గడువు తీరిపోతుంటే గుడ్లప్పగించి చూసే శిబిరాల గురించి ఇప్పుడు ఎత్తను. కాలేజీలకి సెలవులిచ్చేసరికి మే నెలలో ఫ్రిజ్‌లు బోసిపోవడం ఏటా కొత్త వార్తే అయినట్టు పత్రికల్లో రావడం గురించీ ఎత్తను. ఎప్పుడో ఎవరికో రక్తం అందాక కూడా "అర్జెంట్, బాంబే బ్లడ్" అని వాట్సాప్‌లో తిరుగుతూనే ఉండే నా నంబరు గురించి అసలే ఎత్తను.

ఒక్కటి చెప్పు. రేపు నాకే ఏ లారీయో తగిలితే మీ వాళ్లు ఎవరికి ఫోను చేస్తారు? నాకే. ఆ ఫోను రోడ్డు మీద నా పక్కనే పగిలి మోగుతూ ఉంటుంది. ఆ తర్వాత మా తమ్ముడికి చేస్తారు. వాడు కువైట్‌లో ఉన్నాడు. నేను ఇచ్చిన రక్తం ఒక్క బ్యాగైనా నీలో ఉండి ఉంటే నాకే ఎక్కించేవాళ్లు కదా? ఇన్నేళ్లుగా ఇస్తున్నదాన్ని, నా పేరున నీలో ఉన్నదేమిటి? నాకు అక్కర్లేని ప్లాస్మా!

ఆవిడని ప్రస్తుతానికి మందులిచ్చి ఇంటికి పంపారని తెలిసింది. ఆపరేషన్ సంక్రాంతి దాటాకేనట. పండక్కి తమ్ముడు వస్తున్నాడు, పందేలకి వెళ్లే ముందే వాణ్ణి బ్లడ్ బ్యాంకుకి లాక్కొస్తాను. అప్పటికి నా 120 రోజులూ నిండుతాయి. వాడిచ్చేది ఆవిడకి, నేనిచ్చేది నీకు. తీసిన ఆరు రోజుల్లోపు గ్లిజరాల్ కలిపి గడ్డకట్టించాలట, కాబట్టి కావలసినవి తెప్పించే ఇండెంటు పండగ సెలవులయ్యాక పెడతామంటే కుదరదు, ఇప్పుడే పెట్టమని మీ ఆఫీసరు గారికి చెప్పు. కింది అరలో ఆ ఐస్‌ప్యాక్ ఎవరిదో కనుక్కుని తీయించు.

ఇట్లు,
బాంబే మేడమ్,
సామర్లకోట