చౌక సిమ్ మళ్లీ రావాలి

2024 జులై మొదట్లో మూడు ప్రైవేటు టెలికం కంపెనీలూ కూడబలుక్కున్నట్టు రీచార్జ్ ధరలు పెంచాయి. 28 రోజుల చిన్న ప్లాన్ జియోలో రూ.155 నుంచి రూ.189కి, ఎయిర్‌టెల్‌లో రూ.179 నుంచి రూ.199కి చేరింది. దేశం మొత్తం మీద ఆ ఒక్క నెలలోనే బీఎస్‌ఎన్‌ఎల్‌కు దాదాపు 29 లక్షల మంది పెరిగారు. విశాఖలోనూ చాలామంది నంబరు పోర్ట్ చేయించుకున్నారు. వీళ్లు ప్రకటనలు చూసి వచ్చినవాళ్లు కారు, పక్కోళ్లు రేటు పెంచారని వచ్చినవాళ్లు. నవంబర్‌కల్లా లెక్క తిరగబడింది. చేరేవాళ్ల కన్నా వదిలిపోయేవాళ్లే ఎక్కువయ్యారు. డబ్బులు మిగిలినా సిగ్నల్ అందకపోతే ఆ సిమ్ ఎవరికి కావాలి?

చౌక ఫోన్ కంపెనీకి మన దగ్గర గిరాకీ లేదని అనడానికి వీల్లేదు. దాన్ని నిలబెట్టుకునే కంపెనీయే కరువైంది. ఒకప్పుడు ఉండేది. 2009 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు మరికొన్ని టెలికం సర్కిళ్లలో (సేవా ప్రాంతాల్లో) యూనినార్ అడుగుపెట్టింది. నార్వే సంస్థ టెలినార్, మన దేశపు యూనిటెక్ కలిసి పెట్టిన కంపెనీ అది. అప్పటికే టాటా డొకొమో సెకనుకు పైసా లెక్కన కాల్స్ అమ్మి పెద్ద కంపెనీలకు చెమటలు పట్టించింది. యూనినార్ ఇంకా కిందికి దిగింది. 3జీ వేలం జోలికే పోలేదు. పాన్‌షాపులు, కిరాణా కొట్లలో చిన్న చిన్న రీచార్జ్‌ల మీద బతికింది. ఫోన్ ఏ టవర్ కింద ఉంది, ఏ వేళకు కాల్ చేస్తున్నారు అన్నదాన్ని బట్టి డిస్కౌంట్ మార్చేది. ఖాళీగా ఉన్న టవర్‌ను చౌకగా అమ్ముకోవడం అన్నమాట. నష్టం లేని తెలివి.

2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 2జీ కేసులో యూనినార్‌వి సహా 122 టెలికం లైసెన్సులు రద్దు చేసినప్పుడు యూనినార్ పని అయిపోయిందనుకున్నారు. అదే ఏడాది నవంబర్ వేలంలో అది ఆరు సర్కిళ్లకు మాత్రం స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిచే తరంగాల హక్కు) కొనుక్కుంది. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ముంబయి, కోల్‌కతా లాంటి చోట్ల దుకాణం కట్టేసి, మిగిలినచోట మరింత చౌకగా అమ్మి పెరిగింది. 2015లో పేరు టెలినార్ అయింది. మరుసటి సెప్టెంబర్‌లో జియో వచ్చి కాల్స్ ఉచితమన్నాక మాటలు అమ్ముకునే కంపెనీకి అమ్మడానికి ఏమీ మిగల్లేదు. 2018 మేలో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. ఎయిర్‌సెల్, డొకొమో, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కూడా రెండుమూడేళ్ల తేడాలో కనుమరుగయ్యాయి. అప్పుడు ఎవరికీ దిగులు పడాలనిపించలేదు. ఉచితం చేతిలో ఉన్నప్పుడు చౌక ఎవరికి గుర్తొస్తుంది!

ఇప్పుడు గుర్తొస్తోంది. పది రూపాయల టాప్‌అప్ జాబితాలో ఇంకా ఉంది. కానీ వ్యాలిడిటీ ప్లాన్ లేకపోతే దాంతో ఏ పనీ జరగదు. 28 రోజుల లెక్కన ఏడాదికి 12 కాదు, 13 రీచార్జ్‌లు. రూ.199 చొప్పున రూ.2,587. నాలుగు ఫోన్లున్న ఇంట్లో ఇది పదివేలు దాటుతుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చూడండి. వేటకు పోయిన బోటు తీరం దాటి కొంతదూరం వెళ్లాక సిగ్నల్ ఉండదు. వారాల తరబడి సముద్రం మీదున్నా వ్యాలిడిటీ మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. రాబడి ఆగిపోతుంది, రీచార్జ్ ఆగదు. ఆపితే నంబరు పోతుందేమోనని టెన్షన్. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే రావాలి. రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గుతుంది. అయితే ఆ గుమ్మం తొక్కాలన్నా ముందు ప్రైవేటు కంపెనీకి రుసుం కట్టాలి.

నెట్ అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లకే పరిమితమైన ప్లాన్లు పెట్టాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. కంపెనీలు ఎలా పాటించాయో చూడండి. ఎయిర్‌టెల్ 84 రోజులకు రూ.469, జియో రూ.448 అన్నాయి. రోజు లెక్కన చూస్తే తగ్గినట్టే. కానీ దినకూలీ ఆ డబ్బు ఒక్కసారిగా ఎక్కడ తెస్తాడు? ఆటోనగర్‌లో హెల్పర్‌కైనా, పూర్ణామార్కెట్‌లో కలాసీకైనా కావాల్సింది చిన్న మొత్తం. యూనినార్ పెరిగిందీ ఆ చిన్న మొత్తం మీదే. ట్రాయ్ ఇలాంటి ప్లాన్ల గరిష్ఠ గడువును ఏడాదికి పెంచింది గానీ, కనీస ధర సంగతి కంపెనీలకే వదిలేసింది.

కంపెనీల కష్టాలూ అబద్ధం కావు. స్పెక్ట్రమ్ అప్పులు, ఏజీఆర్ బకాయిలు (ఆదాయంలో ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా), 5జీ ఖర్చు ఉన్నాయి. అయితే ఆ భారం తక్కువ వాడేవాళ్ల మీద ఎందుకు ఎక్కువ పడాలి? పైగా కేంద్రం ఈ ఆటలో ప్రేక్షకురాలు కాదు. బీఎస్‌ఎన్‌ఎల్ దానిదే. 2025 ఏప్రిల్‌లో బకాయిలను వాటాలుగా మార్చుకోవడంతో వొడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతం దాని చేతికి వచ్చింది. చౌక కంపెనీ కావాలంటే కేంద్రం కొత్తగా ఎవరినీ వెతకనక్కర్లేదు.

2025 సెప్టెంబర్ 27న 97,500కు పైగా టవర్లతో బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ప్రధాని ప్రారంభించారు. పాడేరు, అరకు కొండల మీది గ్రామాల్లో కరెంటు పోయినా ఆ టవర్లు పనిచేయాలి. సిగ్నల్ సరిగా లేక ఒకసారి వదిలిపోయినవాళ్లు రెండోసారి వచ్చినప్పుడు అంత ఓపిక పట్టరు. ట్రాయ్ చేయాల్సింది ఇంతకన్నా సులువు. ప్రతి కంపెనీ వంద రూపాయల లోపు ఒక నెల కాల్స్ ప్లాన్ పెట్టాలని, నెలంటే క్యాలెండర్ నెలేనని ఆదేశిస్తే చాలు. ధరలు మళ్లీ పెరుగుతాయన్న మాట మార్కెట్లో వినిపిస్తూనే ఉంటుంది. ఈ ఆదేశం దానికి ముందే రావాలి.