కారులో కొత్తావకాయ

అమెరికాలో చదువుకునే తెలుగు పిల్లల వాట్సాప్‌లో ఏ రోడ్ ట్రిప్ గ్రూపైనా తెరిచి చూడండి. ఏ కొండ ఎక్కాలి, ఏ సరస్సు చూడాలి అన్నది నాలుగైదు మెసేజ్‌లలో తేలిపోయి ఉంటుంది. మిగతా చర్చంతా పులిహోర ఎవరు కలుపుతారు, పెరుగు ఎవరు తోడుపెడతారు, కుక్కర్ ఎవరిది, దాని గ్యాస్కెట్ ఎక్కడుంది అన్నవాటి మీదే. మధ్యలో ఎవడైనా దూరి "అక్కడ రెస్టారెంట్లు ఉంటాయి కదా" అన్నాడా, ఆ తర్వాత వాడి మాటకు ఎవరూ జవాబివ్వరు.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకు మా ప్రయాణం జూలైలో పడింది. పార్కును అడ్డంగా దాటే టయోగా రోడ్డు చలికాలమంతా మంచు కింద ఉంటుంది. మామూలుగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు. మంచు దండిగా పడిన 2023లో అయితే జూలై 22 దాకా తెరవనే లేదు. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అసలు ముహూర్తం పెట్టింది భీమవరం వాళ్ల పిన్ని. ఆవిడ జూన్ ఆఖర్లో ఇండియా నుంచి వస్తూ సూట్‌కేసులో రెండు కేజీల కొత్తావకాయ తెచ్చారు. ఆ సీసా మూత తీసే శుభకార్యం శాన్ హోసేలోని ఇరుకు అపార్ట్‌మెంట్‌లో కాదు, కొండల మధ్య సరస్సు ఒడ్డున జరగాలని భీమవరం పట్టుబట్టాడు.

భీమవరం అంటే మనిషే. మా ఇంట్లో ఇద్దరు సాయిలు, పక్క ఫ్లాట్‌లో ఇంకో ముగ్గురు సాయిలు ఉండేసరికి పేర్లతో పని జరగక అందరం ఊళ్ల పేర్లకు దిగిపోయాం. భీమవరం, నెల్లూరు, తెనాలి, నేను పలాస. కరీంనగర్‌ను మాత్రం అన్నా అంటాం. హైదరాబాద్‌లో మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాడన్న గౌరవం ఒకటి. రెండోది ఇంకా పెద్దది. పాతికేళ్లు నిండనివాళ్లు అద్దె కారు నడిపితే రోజుకింత అదనంగా కట్టాలి. మాలో పాతికేళ్లు దాటింది ఆయనొక్కడే.

తెనాలి ఎక్సెల్ షీట్ వేసింది. ఏ గంటకు ఎక్కడుండాలి, ఎక్కడ పెట్రోలు పోయించాలి, ఎవరు ఏం మోయాలి, అన్నీ రంగురంగుల గడుల్లో. క్యాంప్‌గ్రౌండ్‌లో ఎవరో రద్దు చేసుకున్న చోటును అర్ధరాత్రి పేజీ రిఫ్రెష్ చేసి చేసి పట్టింది కూడా ఆ పిల్లే. కారు మాత్రం ఆమె చేతిలో లేకపోయింది. బుక్ చేసింది ఏడు సీట్ల బండి, ఆ పక్కన చిన్న అక్షరాల్లో "ఆర్ సిమిలర్" అని ఉంది. తీరా వెళ్తే చేతిలో పెట్టింది ఐదు సీట్ల కారు తాళం. బట్టల బ్యాగులు రెండు ఇంటికి వెనక్కి వెళ్లాయి. కుక్కర్ వెళ్లలేదు.

తెల్లవారుజామున బయల్దేరాం. చదును నేల అయిపోయి కొండలు మొదలయ్యే చోట ప్రీస్ట్ గ్రేడ్ అనే ఘాట్ వస్తుంది. కొత్త రోడ్డు మెలికలు తిరుగుతూ నింపాదిగా ఎక్కుతుంది. పాతది రెండు మైళ్ల లోపే పదిహేను వందల అడుగులు ఎక్కిస్తుంది. షీట్‌లో కొత్తదని పచ్చరంగు వేసి మరీ రాసి ఉంది. ఫోన్‌లో మ్యాప్ మాత్రం పాతదే దగ్గరంది. అన్న ఏసీ కట్టేసి, "మీరెవ్వలు మాట్లాడకుండ్రి" అని స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. పైకొచ్చేదాకా నిజంగానే ఎవరూ నోరు విప్పలేదు. ఆ నిశ్శబ్దంలోనే వెనక సీటులో మొదటి చిప్స్ ప్యాకెట్ ఢామ్మని పేలింది.

మెకానికల్ చదివిన నెల్లూరు అప్పుడు క్లాసు మొదలుపెట్టాడు. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, ప్యాకెట్‌లో మూసి ఉన్న గాలి వ్యాకోచిస్తుంది, అందుకే ఇవిలా దిండ్లలా ఉబ్బుతున్నాయి అని. టయోగా రోడ్డు దాటే కనుమ టయోగా పాస్ 9,943 అడుగుల ఎత్తట, అక్కడ ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి 70 శాతమేనట. చాలా బాగా చెప్పాడు. వాడు అంత బాగా చెప్పాడన్నది గుర్తుపెట్టుకోండి.

ఓల్మ్‌స్టెడ్ పాయింట్ దగ్గర ఆగాం. అక్కణ్ణుంచి హాఫ్ డోమ్ అనే రాతి కొండ వెనక వైపు కనిపిస్తుంది. ఫోటోల్లో అందరూ చూపించే ముందు భాగం కన్నా నాకు ఇటువైపే నచ్చింది. ఇంకాస్త ముందుకెళితే టెనాయా సరస్సు. ఎప్పటివో హిమానీనదాలు నున్నగా గీకేసి పోయిన గ్రానైట్ గుట్టలు ఎండకు మెరుస్తున్నాయి, నీళ్లు అడుగు రాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. పెన్నలో ఈదినవాణ్ణంటూ నెల్లూరు చొక్కా విప్పి దూకాడు. కరిగిన మంచు నీళ్లు. దూకిన వేగం కన్నా తేలిన వేగం ఎక్కువ.

ఒడ్డున కూర్చుని తిందామంటే దోమలు. ఆ ఎత్తుల్లో మంచు కరిగే జూలైలో దోమలు దండయాత్రకు వస్తాయని షీట్‌లో లేదు. గోదావరి జిల్లా దోమల మధ్య పెరిగిన భీమవరమే "ఇవేం దోమల్రా బాబూ" అని కారులోకి పరిగెత్తాడు. అలా శుభకార్యం వెనక సీటులోకి మారింది. తెనాలి పేపర్ ప్లేట్లలో పెరుగన్నం పెట్టింది. సీసా నెల్లూరు ఒళ్లో ఉంది.

"నేను తీస్తా" అన్నాడు.

ఎనిమిది వేల అడుగుల ఎత్తు. సముద్రమట్టం దగ్గర బిగించిన మూత. లోపల ముక్కల మధ్య, ఆవపిండి మధ్య ఇరుక్కున్న ఇండియా గాలి. పొద్దున క్లాసు పీకిన మనిషే మూతను ఒక్క తిప్పు తిప్పాడు. సుయ్‌మంది. ముందు పైనూనెలో చిన్న బుడగలు వచ్చాయి. తర్వాత ఎర్రటి నూనె నిదానంగా లేచి సీసా అంచు దాకా వచ్చింది. ఒక వెల్లుల్లి రెబ్బ అంచు మీదికెక్కి, ఒక క్షణం ఆగి, మమ్మల్నందరినీ చూసినట్టే చూసి, అవతలికి జారింది. దాని వెనకే నూనె, పిండి, ఒక టెంక ముక్క. బూడిదరంగు గుడ్డ సీటు. అద్దె కారు.

అందరికన్నా ముందు అరిచింది భీమవరం. సీటు గురించి కాదు.

"పైనూనె పోయిందిరోయ్! పైనూనె లేకపోతే పచ్చడి బూజు పట్టేస్తుందిరా!"

అన్న డిపాజిట్ గురించి ఏదో అంటున్నాడు. భీమవరానికి వినబడలేదు. బ్రెడ్ స్లైసుతో సీటు మీది నూనెను జాగ్రత్తగా అద్ది, దాన్ని తిరిగి సీసాలో పిండాలని చూశాడు. అది కుదరక స్లైసు తినేశాడు. "ఉప్పు సరిపోయింది" అని కూడా చెప్పాడు.

సాయంత్రానికి మా క్యాంప్‌గ్రౌండ్ క్రేన్ ఫ్లాట్ చేరాం. మా అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. యోసెమిటీలో చీకటి పడ్డాక కారులో తిండి వస్తువులు ఉంచకూడదు. తిండి అంటే తినేదే కాదు, వాసన ఉన్న ప్రతిదీ. టూత్‌పేస్టు, సబ్బు, పెదాలకు రాసుకునేది కూడా. అన్నీ ప్రతి సైటుకూ ఇచ్చే ఇనప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలి. ఎందుకంటే అక్కడి ఎలుగుబంట్లు కారు తలుపును పైనుంచి వంచి తెరవగలవు. 1998లో ఒక్క ఏడాదే ఆ పార్కులో ఎలుగుబంట్లు పదిహేను వందలసార్లకు పైగా కార్ల మీదా సామాను మీదా పడ్డాయట. ఈ పెట్టెలూ కట్టుబాట్లూ గట్టిగా అమలయ్యాకే అది తగ్గింది.

మా సామానంతా పెట్టెలో పట్టింది. సీటు పట్టదు కదా.

తనిఖీకి వచ్చిన రేంజరమ్మ వెనక తలుపు తెరిచి తల లోపల పెట్టి, అంతే వేగంగా బయటికి తీసింది. కళ్లు తుడుచుకుంటూ సీరియస్‌గా అడిగింది. "మీ దగ్గర బేర్ స్ప్రే ఉందా? ఈ పార్కులో అది నిషేధం."

లేదన్నాం. ఆమె నమ్మలేదు. ఎలుగుల్ని తరమడానికి కొట్టే ఆ స్ప్రేలో ఉండేది మిరపకాయ ఘాటే కాబట్టి ఆమెను తప్పుపట్టలేం. తెనాలి పెట్టె తెరిచి సీసా చూపించింది. రేంజరమ్మ సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఇది తింటారా?"

"అన్నంలో."

"కావాలనే?"

భీమవరం ముఖం మాడిపోయింది. సీటును సబ్బుతో కడగమంది, సబ్బు వాసన కూడా ఉండకూడదు కాబట్టి మళ్లీ మంచినీళ్లతో కడగమంది, తుడిచిన గుడ్డలూ పెట్టెలో పెట్టమంది. కడిగాం. నూనె పోయింది, వాసన పోలేదు. పైపెచ్చు తడికి ఇంకాస్త విచ్చుకుంది.

రాత్రి వంటకు నెల్లూరు మామూలు గిన్నెలో అన్నం పెట్టాడు. ఆరు వేల అడుగుల ఎత్తులో నీళ్లు దాదాపు 94 డిగ్రీలకే మరుగుతాయి. నీళ్లు తెగ మరిగాయి, మెతుకు మాత్రం పలుకు విడవలేదు. చివరికి కుక్కర్ ఎక్కించాం. మొదటి విజిల్‌కు పక్క సైటులో మాటలు ఆగిపోయాయి. రెండోదానికి టార్చిలైట్లు వెలిగాయి. మూడోదానికి అటుపక్క ఒక పెద్దాయన మూకుడు మీద గరిటెతో దడదడా కొట్టడం మొదలుపెట్టాడు. ఎలుగు వస్తే గట్టిగా అరిచి చప్పుడు చేయాలన్నది అక్కడి పద్ధతి. మా విజిల్ వాళ్లకు ప్రమాద హెచ్చరిక అయి కూర్చుంది. ఆయన్ని చూసి ఎదుటివాళ్లు, వాళ్లను చూసి అవతలివాళ్లు, నిమిషంలో క్యాంప్‌గ్రౌండ్ అంతా "గో అవే బేర్!" అంటూ గిన్నెలు మోగిపోయాయి. ఎలుగు నిజంగానే వచ్చిందనుకుని భీమవరం కూడా కంచం తీసుకుని శక్తికొద్దీ మోగించాడు. ఇంత గోలలోనూ తెనాలి పొయ్యి దగ్గర్నుంచి కదలలేదు.

"ఇంకొక్కటి రానీండి, పప్పు కూడా ఉంది అందులో."

నాలుగోది వచ్చింది. దాంతోపాటు రేంజరమ్మా వచ్చింది.

అన్న ఫోర్కుతో వెయిట్ లేపి ఆవిరి వదిలి చూపించి, "రైస్, మేడం. ఓన్లీ రైస్" అని సమస్త తెలుగు జాతి తరఫున వివరణ ఇచ్చుకున్నాడు. మూకుడు పెద్దాయన మాత్రం దగ్గరికొచ్చి, ఇంకోసారి మోగుతుందా అని ఆశగా అడిగాడు.

ఇక కారుకు కాపలా. నన్ను ముందు పెట్టారు. పలాస వాణ్ణి కదా, మా ఉద్దానంలో జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి ఎలుగులు రావడం మామూలే, కాబట్టి ఆ శాస్త్రం నాకు వచ్చని వీళ్ల నమ్మకం. మావైపు ఎలుగొచ్చిందని తెలిస్తే తలుపులేసుకుంటాం. మా శాస్త్రం అంతవరకే. ఇక్కడేమో వేసుకోడానికి టెంటు జిప్పు తప్ప తలుపు లేదు.

అన్నంత పనీ అయింది. తెల్లవారుజామున, నెల్లూరూ నేనూ దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉండగా, చెట్ల మధ్య నుంచి అది వచ్చింది. నల్ల ఎలుగు జాతే అయినా అక్కడివి ఎక్కువగా గోధుమరంగులో ఉంటాయి. ఇదీ అంతే. అరవాలని ఇద్దరికీ తెలుసు. నెల్లూరు నోరు తెరిచాడు కూడా, గాలి తప్ప ఏం రాలేదు. అది నేరుగా కారు వెనక తలుపు దగ్గరికి వెళ్లి, సందులో ముక్కు పెట్టింది. ఒక దీర్ఘశ్వాస. ఆపైన ఫుర్రుమని ఒక చప్పుడు, తుమ్మో బెదిరింపో తెలియదు. తల అటూ ఇటూ గట్టిగా విదిల్చి, ముందు కాలితో ముక్కు రుద్దుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యాక మేమిద్దరం బ్రహ్మాండంగా అరిచాం.

భీమవరం టెంటులోంచి తల బయటపెట్టాడు. "తినేసిందా?"

"లేదురా. వాసన చూసి వెళ్లిపోయింది."

"వెళ్లిపోవడమేంటి?"

"ఏమోరా, ఘాటెక్కువైనట్టుంది."

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇంకా సరిగ్గా ఊరలేదులే. నెలాగి వస్తే అప్పుడు చూడాల్సింది" అని జిప్పు వేసేసుకున్నాడు. ఉదయం టిఫిన్ దగ్గర కూడా ఆ ఎలుగు మీద కోపం తగ్గలేదు.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు లోపల శుభ్రం చేసే ఖర్చు కింద నూట యాభై డాలర్లు పడ్డాయి. తెనాలి దాన్ని ఖర్చులు పంచుకునే యాప్‌లో ఐదు భాగాలు చేసి పెట్టింది. అన్న ఒప్పుకోలేదు. ఆయన డ్రైవింగ్ సీటులో ఉన్నాడు, ఆవకాయ ఆయనదాకా రానేలేదు. ఒలికించింది నేను కాదు, వాతావరణ పీడనం అని నెల్లూరు వాదన. భీమవరం ఎవరితోనూ వాదించకుండా తన తరఫున ఎదురు పద్దు ఒకటి వేశాడు: "పైనూనె, గానుగ పప్పునూనె, పావు కేజీ: నలభై డాలర్లు." దాని కింద నెల్లూరు అభ్యంతరం ఇప్పటికీ అలాగే ఉంది. బ్రెడ్డుతో అద్దుకు తిన్న నూనెను అందులోంచి తీసేయాలట.