సవరణ: అమెరికాలో వలసదారుల డ్రైవింగ్ లైసెన్సు గడువు
వలసదారుల డ్రైవింగ్ లైసెన్సు గడువును ఆయా రాష్ట్రాలే తమ ఇష్టప్రకారం నిర్ణయిస్తాయని గత వ్యాసంలో ఉన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవలసిందిగా మనవి. 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం, దేశీయ విమాన ప్రయాణం వంటి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అవసరాలకు చెల్లే లైసెన్సును తాత్కాలిక వీసాదారులకు వారి నివాసానుమతి గడువు దాటేలా ఏ రాష్ట్రమూ ఇవ్వకూడదు. రాష్ట్రాలకు స్వేచ్ఛ ఉన్నది ఆ ప్రమాణానికి లోబడని లైసెన్సుల విషయంలోనే. కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019 డిసెంబరు నుంచి వాటిని వలస హోదాతో నిమిత్తం లేకుండా ఇస్తున్నాయి. హెచ్-1బీ ఉద్యోగ వీసా పొడిగింపునకు సకాలంలో దరఖాస్తు చేసినవారు అదే సంస్థలో 240 రోజుల వరకు పని కొనసాగించవచ్చు గాని, లైసెన్సు దానంతటది పొడిగింపు పొందదు. ఉద్యోగం ఉండి కూడా కారు నడపలేకపోవడం, బస్సులు లేని ఊళ్లలోని మన కుటుంబాలకు నిజంగా పెద్ద కష్టం. లైసెన్సు కోసం ఆ పొడిగింపు దరఖాస్తు రసీదు ఏ మేరకు చెల్లుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక, గడువు ముగియకముందే మీ రాష్ట్ర మోటారు వాహనాల శాఖను సంప్రదించండి.