ఆ పాతిక శాతం ఈల్డ్ ఎవరి అవసరం?

రిటైరైనవాళ్ల ఊరు విశాఖ. పోర్టు, డాక్‌యార్డు, రిఫైనరీ, ఇప్పుడు స్టీల్‌ప్లాంటులో వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు. చేతికొచ్చిన డబ్బు మీద ఏటా ఎంతో కొంత రావాలి, ఎఫ్‌డీ వడ్డీ చాలదు. దాంతో చూపు డివిడెండ్ (కంపెనీ వాటాదారులకు పంచే డబ్బు) ఇచ్చే షేర్ల మీద పడుతోంది. మొన్న పొద్దున్నే బీచ్‌రోడ్డులో ఒక పెద్దాయన ఫోన్ తీసి జాబితా చూపించారు. "ఈల్డ్ ఎక్కువున్నవి పైన పెట్టానండీ. మొదటి అయిదూ కొనేస్తే సరిపోద్ది కదా?"

సరిపోదు. అనుమానించాల్సింది ముందు ఆ అయిదింటినే.

లెక్క తెలిసిందే. ఏడాదిలో షేరుకు ఇచ్చిన డివిడెండ్‌ను ఇవాళ్టి ధరతో భాగిస్తే ఈల్డ్. డివిడెండ్ నిన్నటిది, ధర ఇవాళ్టిది, రేపటి సంగతి అందులో లేదు. ధర సగానికి పడితే ఈల్డ్ దానంతటదే రెట్టింపవుతుంది. అంటే కంపెనీ మంచాన పడ్డా జాబితాలో పైకే ఎక్కుతుంది. నిన్నటి వేట చూసి బోటు కొనేవాడు మన ఫిషింగ్ హార్బర్‌లో ఒక్కడూ ఉండడు. ఏటా 61 రోజులు వేట నిషేధం ఉంటుందని వాళ్లకు తెలుసు. షేర్ల దగ్గరికొచ్చేసరికి చదువుకున్నవాళ్లమే అది మర్చిపోతున్నాం.

హిందుస్థాన్ జింక్‌నే చూడండి. మన మిందిలో జింక్ తీసే స్మెల్టర్ నడిపి 2012లో మూసేసిన కంపెనీయే. 2022-23లో షేరుకు 75.50 రూపాయలు పంచింది. ముఖవిలువ, అంటే బజారు ధరతో సంబంధం లేకుండా షేరు మీద రాసి ఉండే విలువ, 2 రూపాయలు కాబట్టి దాన్ని 3,775 శాతం అని కూడా చెప్పొచ్చు. (ముఖవిలువ మీద శాతాలు చెప్పడం మానేస్తే సగం భ్రమ వదులుతుంది.) ఆ ఏడాది చివర షేరు 300 రూపాయల దగ్గర ఉంది, ఈల్డ్ పాతిక శాతం! కానీ ఆ ఏడాది లాభం సుమారు 10,500 కోట్లు, పంచింది దాదాపు 31,900 కోట్లు. తేడా అంతా ఏళ్ల తరబడి కూడబెట్టిన నిల్వల నుంచి తీసిందే. మరుసటి ఏడాది షేరుకు వచ్చింది 13 రూపాయలు. పాతిక శాతం చూసి 300 పెట్టి కొన్నవాడికి నాలుగు శాతం చిల్లర మిగిలింది.

అందుకే చరిత్ర చూడమనేది. ఒక్క ఏడాది కాదు, కనీసం పదేళ్లు. ప్రతి ఏడాది డివిడెండ్ పక్కనే షేరుకు వచ్చిన లాభం రాసుకోవాలి. డివిడెండ్ లాభాన్ని దాటిందంటే ఆగి ఆలోచించాలి. మన విశాఖ రిఫైనరీ నడిపే హెచ్‌పీసీఎల్ 2020-21కి షేరుకు 22.75 రూపాయలు ఇచ్చింది, తర్వాతి ఏడాదికి 14. ముడిచమురు మండిపోతున్నా పెట్రోలు ధర కదలని 2022-23లో దాదాపు 8,970 కోట్లు నష్టపోయి సున్నా. ఆ ఏడాది విశాఖ రిఫైనరీ మూతపడిందా? లేదే!

డివిడెండ్ ఇచ్చే కంపెనీయే నిజాయితీ గలది, కాగితం మీద లాభం చూపించొచ్చు గానీ లేని నగదు పంచలేరు అంటారు కొందరు. కొంత నిజమే. ఇరవై ఏళ్లుగా లాభంలో సగం లోపే పంచుతూ మెల్లగా పెంచుకుంటూ వచ్చిన కంపెనీని నేనూ వద్దనను. అయితే అలాంటివాటి ఈల్డ్ మామూలుగా రెండు మూడు శాతం దాటదు, పెద్దాయన జాబితాలో అవి అడుగునే ఉంటాయి. పైగా 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను మన స్లాబు ప్రకారం మనమే కట్టాలి.

నన్ను ఎక్కువగా తొలిచేది వేరే సంగతి. డివిడెండ్ ఎంతన్నది నిర్ణయించేది చిన్న వాటాదారు అవసరం కాదు, పెద్ద వాటాదారు అవసరం. ప్రభుత్వరంగ సంస్థలు కనీసం లాభంలో 30 శాతం, లేదా నికర విలువలో (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేది) 4 శాతం, ఏది ఎక్కువైతే అది పంచాలన్న నిబంధన పెట్టింది ఆర్థికశాఖ. వచ్చిన డబ్బుతో బడ్జెట్ నింపుకొనేదీ అదే. హిందుస్థాన్ జింక్ కూడబెట్టిన డబ్బు కరిగిపోయిన ఏడాది, దాని పెద్ద వాటాదారైన వేదాంతకు మాతృసంస్థ అప్పుల ఒత్తిడిలో ఉంది. హిందుస్థాన్ జింక్‌లో అప్పుడు వేదాంతకు దాదాపు 65 శాతం, కేంద్రానికి 29.5 శాతం వాటా ఉండేది. పంచిన 31,900 కోట్లలో మిగతా వాటాదారులందరికీ కలిపి నూటికి ఆరు రూపాయలు కూడా రాలేదు.