శంఖంలో పోస్తేనే తీర్థం

న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వేలో ఒక పాత మ్యూజికల్‌ని, అంటే పాటల నాటకాన్ని, మళ్లీ వేస్తున్నారనీ, అందులో నాయిక వేషం ఫలానా సినిమా తార కడుతోందనీ వార్త వచ్చిన రాత్రి మాబోటి నాటకప్రియుల ఇళ్లలో పొయ్యి వెలగదు. మొదటి గంటంతా తిట్టుకుంటాం. రెండో గంటలో ఆవిడ ఎప్పుడో టీవీలో రెండు చరణాలు పాడిన వీడియో వెతికి పట్టుకుని, శ్రుతి ఎక్కడెక్కడ జారిందో సెకన్లతో సహా రాసుకుంటాం. మూడో గంటలో, టికెట్లు అమ్మకానికి పెట్టే రోజుకి ఫోన్‌లో అలారం పెట్టుకుని పడుకుంటాం. మొదటి పనికీ మూడో పనికీ పొంతన లేదని కొందరు ఆక్షేపిస్తారు. నిందాస్తుతి అనే ప్రక్రియ ఒకటుందని వాళ్లకి తెలియదు, వదిలేయండి.

మా బాధేమిటో మనవి చేస్తాను. పాటలు అవే, అడుగులు అవే, కింద గోతిలో కూర్చుని వాయించేవాళ్లూ వాళ్లే. చిన్నప్పట్నుంచీ గొంతు సాధన చేసి, వారానికి ఎనిమిది ఆటలు ఆడి మోకాళ్లు అరగ్గొట్టుకున్న నటి ఆ వేషం వేస్తే వెనక సగం కుర్చీలు ఖాళీ. పోస్టర్ మీద సినిమా మొహం పడగానే వీధి చివరిదాకా క్యూ. శంఖంలో పోస్తేనే తీర్థమని పెద్దలు ఊరికే అనలేదు. నీళ్లు మాత్రం అదే కుళాయివి. ఇది ఘోరమైన అన్యాయమని మావాళ్లందరం ఏకగ్రీవంగా తీర్మానించాం. తీర్మానం జరిగింది కూడా ఆ క్యూలోనే.

మా అభియోగ పత్రంలో మొదటి ముద్దాయి ‘షికాగో’. 1975లో మొదటిసారి వచ్చింది. 1996 నవంబరులో మళ్లీ వేశారు, ఆ వేసినది ఇంతవరకూ దింపలేదు. ఇన్నేళ్లు ఒక నాటకం ఎలా నిలిచిందయ్యా అంటే, ‘ఈసారి నాయిక రాక్సీ ఎవరు?’ అన్న ఒక్క ప్రశ్న మీద. సినిమాల్లోంచి మెలనీ గ్రిఫిత్ వచ్చింది, బ్రూక్ షీల్డ్స్ వచ్చింది. లాయరు వేషానికి పాప్ గాయకుడు అషర్ వచ్చాడు. టీవీలో జనం జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే చోద్యం చూసే జెర్రీ స్ప్రింగర్ కూడా ఆ కోటే తొడుక్కున్నాడు. 2022లో ఎనిమిది వారాలు టీవీ గ్లామర్ తార పమేలా ఆండర్సన్. ఆవిణ్ని చూసి నవ్వుకుందామని వెళ్లినవాళ్లు కొందరు బయటికొచ్చాక ఎందుకో టాపిక్ మార్చారు.

ఇక్కడే నాకొక ధర్మసందేహం పట్టుకుంది. కథ ఏమిటి? రాక్సీ హార్ట్ అనే మామూలు ఇల్లాలు ప్రియుణ్ని కాల్చి చంపుతుంది. లాయరు ఆమెని పత్రికలవాళ్ల ముందు కీలుబొమ్మలా ఆడిస్తాడు. హత్యతో పేరొస్తుంది, ఆ పేరుతో స్టేజి ఎక్కే అవకాశం వస్తుంది. పేరుంటే చాలు, పాటా ఆటా తర్వాత చూసుకోవచ్చని లోకాన్ని వెక్కిరించే నాటకమిది. అలాంటి వేషానికి కేవలం పేరున్న మనిషిని తీసుకురావడం కళకి ద్రోహమా, లేక కథ పట్ల పరమ విధేయతా? నేను మూడేళ్లుగా దీని మీద ఆలోచిస్తున్నాను. నిర్మాతలకి అంత తీరిక ఉన్నట్టు లేదు. వాళ్లు టికెట్లు అమ్ముకుంటున్నారు.

పోనీ ఇది ముసలితనంలో పట్టిన అలవాటా అంటే అదీ కాదు. 1975లోనే మొదటి రాక్సీ గ్వెన్ వెర్డన్ గొంతుకి ఆపరేషన్ అయితే, ఆ కొన్ని వారాలూ రాక్సీగా ఎక్కింది లైజా మినెలి. అప్పటికే ఆస్కార్ చేతిలో ఉన్న మనిషి. అంటే ఈ నాటకానికి పొత్తిళ్లలోనే పట్టిన పిచ్చి.

‘పూర్వం ఇలా ఉండేది కాదు’ అని మా సీనియర్లు నిట్టూరుస్తారు. పూర్వమంటే ఎప్పుడని అడగడం మర్యాద కాదు. నేను ఒకసారి అడిగాను. ‘మై ఫెయిర్ లేడీ’ రోజులన్నారు. 1956. వెళ్లి చూస్తే ప్రొఫెసర్ హిగిన్స్ వేషానికి వాళ్లు పట్టుకొచ్చింది రెక్స్ హారిసన్‌ని. పేరున్న నటుడు, పాట రాదు. న్యూహేవెన్‌లో మొదటి ప్రదర్శన రోజున బయట మంచు తుఫాను. లోపల ఆర్కెస్ట్రా హోరు చూసి బెదిరిపోయిన ఈయన స్టేజి ఎక్కనంటే ఎక్కనన్నాడు. చివరికి బతిమాలో బెదిరించో ఎక్కించారు. ఎక్కి ఏం చేశాడు? పాటల్ని పాడకుండా తాళానికి తగ్గట్టు మాట్లాడేశాడు. ఇవాళ ఒక సినిమా హీరో ఆ పని చేస్తే ‘గొంతు లేదు, సిగ్గు లేదు’ అంటాం. ఆయన చేశాడు కాబట్టి దానికి శైలి అని పేరు పెట్టి, తర్వాతొచ్చిన హిగిన్స్‌లు నిక్షేపంలా పాడగలిగినవాళ్లైనా సరే, వాళ్ల చేత కూడా మాట్లాడించాం.

1964లో క్యారల్ చానింగ్‌తో మొదలైన ‘హలో, డాలీ!’ సంగతీ అంతే. ఆవిడ దిగిపోగానే జింజర్ రోజర్స్, బెట్టీ గ్రేబుల్, పర్ల్ బెయిలీ, ఎథెల్ మెర్మన్... ఒక్కో డాలీకీ ఒక్కోసారి కొత్తగా టికెట్లు కొనిపించారు. నిజానికి ఈ కిటుకులో బ్రాడ్‌వే ఇంకా ప్రాథమిక తరగతిలోనే ఉంది. మన పద్యనాటకాల కాంట్రాక్టర్లు ఒకే రాయబారంలో, ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దింపేవారు. పడకసీనుకి ఒకరు, కొలువులో పద్యాలకి ఇంకొకరు. న్యూయార్క్‌వాళ్లకి ఆ ఊహ తట్టకపోవడం వాళ్ల అదృష్టం.

ఇక మావాళ్ల గుండె లోతుల్ని పూర్తిగా కలచిన ఘట్టం ‘ఫన్నీ గర్ల్’. 1964లో బార్బ్రా స్ట్రైసాండ్ పాడిన తర్వాత బ్రాడ్‌వేలో దాన్ని మళ్లీ ముట్టుకునే ధైర్యం 58 ఏళ్లపాటు ఎవరికీ చాల్లేదు. 2022 ఏప్రిల్‌లో బీనీ ఫెల్డ్‌స్టీన్‌తో తెర లేచింది. నవ్వించగలదు, కానీ గొంతు ఆ పాటలకి చాల్లేదని విమర్శకులు రాశారు. మేమూ అదే అన్నాం, కాస్త గట్టిగా. జూలై ఆఖరుకి ఆవిడ తప్పుకుంది. ఆగస్టు నెలంతా అండర్‌స్టడీ, అంటే అసలు నటి రాకపోతే ఎక్కడానికి సిద్ధంగా ఉండే మనిషి, జూలీ బెంకో పాడింది. మేం ఇన్నేళ్లుగా దేనికోసం గొంతు చించుకుంటున్నామో సరిగ్గా అదే జరిగింది కదా? పేరు లేని అమ్మాయి, గొంతున్న అమ్మాయి, నడిస్టేజి మీద. అప్పుడు మేమేం చేస్తున్నాం? సెప్టెంబరు 6కి టికెట్లు వెతుక్కుంటున్నాం. ఆ రోజు లియా మిషెల్ వస్తోంది. టీవీ సీరియల్‌లో ఆవిడ పాత్ర ఏళ్ల తరబడి కలలుగన్నది ఈ వేషం కోసమే. కల్పిత పాత్ర కల, నిజం మనిషికి నెరవేరింది. ఆ రాత్రి పాట పాటకీ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సెలబ్రిటీల పిచ్చిని ఖండిస్తూ ఎప్పట్నుంచో రాస్తున్న నా మిత్రుడొకాయన ఎన్నిసార్లు లేచాడో, మర్నాడు నడుం పట్టేసి ఆఫీసుకి సెలవు పెట్టాడు.

వారం తిరక్కుండానే లియా మిషెల్‌కి కోవిడ్. మళ్లీ జూలీ బెంకో. మళ్లీ చీటీ.

చీటీ అంటే తెలియనివాళ్లకి చెప్పాలి. లోపలికెళ్లేటప్పుడు చేతిలో పెట్టే ప్లేబిల్ పుస్తకం తెరవగానే ఒడిలో రాలిపడే అరచేయంత కాగితం అది. ‘ఈ ఆటలో ఫలానా పాత్రను ఫలానా వారు ధరిస్తారు’ అని ఉంటుంది. అది రాలగానే మనిషి ముందు దాన్ని తిరగేసి చూస్తాడు, వెనకవైపు ఏమైనా ఊరట ఉందేమోనని. ఉండదు. తర్వాత పక్కవాడి పుస్తకంలోనూ ఉందా అని తొంగి చూస్తాడు. ఉంటుంది. అప్పుడు వరస వరసంతా ఒక ‘హు’ అంటుంది. టైరులోంచి గాలి పోయినట్టుండే ఆ చప్పుడు తెర వెనక గుండె దడదడలాడుతూ నిలబడ్డ అమ్మాయికి కూడా వినిపిస్తుందని నా అనుమానం.

ఈ చీటీల మీద నేను అనర్గళంగా ఉపన్యసిస్తాను. 1954లో ‘పజామా గేమ్’లో క్యారల్ హేనీ కాలికి దెబ్బ తగిలితే ఆమె బదులు స్టేజి ఎక్కిన షర్లీ మెక్‌లేన్‌ని చూసే హాలీవుడ్ ఎగరేసుకుపోయిందని చెప్తాను. (ఆ రాత్రి మేమక్కడే ఉన్నామని చెప్పుకున్నవాళ్లందరినీ కూర్చోబెట్టాలంటే అలాంటి హాళ్లు పది కావాలి.) 2021 డిసెంబరులో సినిమా హీరో హ్యూ జాక్‌మన్ ‘మ్యూజిక్ మ్యాన్’లో నాయిక సటన్ ఫోస్టర్‌కి ఒంట్లో బాగాలేకపోతే, కాథీ వొయిట్‌కో అనే స్వింగ్ మధ్యాహ్నం విషయం తెలుసుకుని రాత్రికి నాయికగా పాడేసింది. ఎవరు రాకపోతే వాళ్ల వేషం వెయ్యడానికి ఎనిమిది పాత్రలు బుర్రలో పెట్టుకుని తిరిగే మనిషి. ఆట అయ్యాక జాక్‌మన్ స్వయంగా ఆవిణ్ని ముందుకి పిలిచి ప్రేక్షకులకి చూపించాడు. ఆ వీడియో చూసి నేను ఏడ్చాను, నలుగురికీ పంపించాను. అదే నాటకానికి జాక్‌మన్ ఉన్నాడు కాబట్టి మంచి సీట్లు దాదాపు 700 డాలర్లు పలికాయన్న సంగతి, ఆ వీడియోలో కనిపించదు గనక, నేను ప్రస్తావించలేదు.

నడుం పట్టేసిన మిత్రుడి గురించి చెప్పాను కదా, ఆయన 2025 వేసవిలో లండన్ కూడా వెళ్లొచ్చాడు. పలేడియం హాల్లో ‘ఎవీటా’, నాయిక సినిమా తార రేచెల్ జెగ్లర్. అందరూ ఎదురుచూసే పాటని ఆవిడ హాలు బయటి బాల్కనీలోకొచ్చి వీధిలో జనానికి పాడింది. పౌండ్లు పోసి లోపల కూర్చున్నవాళ్లు దాన్ని తెర మీద చూశారు. అత్తసొమ్ము అల్లుడు దానమంటే ఇంతకన్నా ఉదాహరణ దొరకదు. దర్శకుడి భావం చాలా లోతైనదే. నాయిక కథలోనూ బాల్కనీలోంచి జనాన్ని మాటలతో కట్టిపడేస్తుంది కాబట్టి బయటివాళ్లే ఆ జనం. అయితే మా మిత్రుడికి ఆ లోతు వెంటనే అందలేదు. మొదటిరోజు లోపల కూర్చుని, ‘ఇది మోసం’ అన్నాడు. రెండోరోజు సాయంత్రం వీధిలో నిలబడి ఊరికే విని, ‘ఇది రంగస్థల చరిత్రలో మలుపు’ అన్నాడు.

అసలు మాకు తారల మీద కన్నా వాళ్ల వెంట వచ్చే కొత్త ప్రేక్షకుల మీద ఒళ్లు మంట. వాళ్లు తార తెర వెనకనుంచి కాలు బయటపెట్టగానే చప్పట్లు కొట్టి మొదటి డైలాగు మింగేస్తారు. ఒకసారి నా పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఇంటర్వెల్‌లో, ‘ఇది ఇక్కడితో అయిపోయిందా?’ అని అడిగింది. ఆవిడకి ఈ నాటకం మొదట ఏ ఏట వచ్చిందో, ఇందులో ఏ పాట ఎందుకు తీసేశారో ఇరవై నిమిషాలు వివరించాను. రెండో భాగంలో ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ అటే చూస్తూ ఉన్నాను గానీ, పై స్థాయి స్వరాన్ని తార అరమెట్టు దింపి పాడిందా లేదా అని లెక్కేసుకుంటున్నాను. దింపింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న నాకూ చీటీ రాలింది. ఏ నాటకమో, ఏ తారో అనవసరం. ఆరు నెలల ముందు అలారం పెట్టుకుని కొన్న టికెట్. బ్రాడ్‌వేలో ఒక పద్ధతుంది: పోస్టర్ మీద నాటకం పేరుకన్నా పైన ఎవరి పేరుందో, ఆ మనిషి రాకపోతే తెర లేవకముందే బాక్సాఫీసు దగ్గరికెళ్లి డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా ఇంకో రోజుకి మార్చుకోవచ్చు. పేరు కింద ఉంటే కుదరదు. కళ విలువని అంగుళాలతో కొలవడానికి ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఇంకా రాలేదు.

నేను ప్లేబిల్ చంకలో పెట్టుకుని నెమ్మదిగా లేచాను. బాక్సాఫీసు ముందు అప్పటికే పొడుగాటి వరస. నా ముందు నిలబడ్డ మనిషి నడుం మీద చెయ్యి వేసుకున్న తీరు ఎక్కడో చూసినట్టు అనిపించింది.

“గురువుగారూ, మీరేంటి ఇక్కడ?” అన్నాను.

“టాయిలెట్ క్యూ అనుకుని నిలబడ్డానండీ.” ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “మీరో?”

“నేనూ అదే అనుకున్నాను.”

ఇద్దరం కదల్లేదు. వరస నత్తలా జరుగుతోంది. మా ముందున్న కుర్రజంట ఏదో గుసగుసలాడుకుని, ‘పోనీలే, చూద్దాం’ అనుకుంటూ వరసలోంచి తప్పుకుని లోపలికి పరుగెత్తారు. మేం రెండడుగులు ముందుకి జరిగాం. దీపాలు ఆరాయి, తలుపులు మూసేశారు, లోపల వాద్యాలు మొదలయ్యాయి. కాసేపటికి మూసిన తలుపుల్లోంచి ఆ పేరు లేని అమ్మాయి గొంతు వచ్చింది. పాట చివర కెరటం విరిగిపడ్డట్టు చప్పట్లు.

మిత్రుడు చెవి తలుపుకి ఆనించాడు. “పై స్వరం దింపకుండా పట్టుకుందండీ,” అన్నాడు మెల్లగా. “ఈ అమ్మాయి పెద్ద స్టార్ అయి తీరుతుంది, రాసిపెట్టుకోండి. ఈ రాత్రి మనం ఇక్కడే ఉన్నామని రేపు అందరికీ చెప్పుకోవచ్చు.”

చెప్పుకోవచ్చు. అందులో అబద్ధమేముంది, ఇక్కడే ఉన్నాం. ఈలోగా కిటికీలోని మనిషి, డబ్బు వెనక్కి కావాలా, ఇంకో తేదీ కావాలా అని అడిగాడు. ఆ తార తప్పకుండా వచ్చే రోజు ఏదో చెప్పమని ఇద్దరం ఒకేసారి అడిగాం.