బంతి వేయని క్లబ్బుకు ఓటెందుకు?

2025 ఆగస్టు 4న ఓవల్‌లో మహ్మద్ సిరాజ్ యార్కర్‌కు ఇంగ్లండ్ ఆటగాడు అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరిపడింది. భారత్ 6 పరుగులతో గెలిచి సిరీస్ 2-2గా సమం చేసింది. ఆ అయిదు టెస్టుల్లో సిరాజ్ వేసినవి 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు. హైదరాబాద్ అంతా ‘మావాడు’ అంది. అనాల్సిందే. అంతకు 26 రోజుల ముందు, జులై 9న, ఆ ‘మావాడి’ సొంత సంఘమైన హైదరాబాద్ క్రికెట్ సంఘం (హెచ్‌సీఏ) అప్పటి అధ్యక్షుణ్ని సీఐడీ అరెస్టు చేసింది. ఒక క్లబ్బు పత్రాలు, సంతకాలు ఫోర్జరీ చేసి ఎన్నికల బరిలోకి దిగారన్నది అభియోగం. అది నిజమో కాదో తేల్చేది కోర్టు. మా ప్రశ్న వేరు. ఫోర్జరీ చేయాలనిపించేంత విలువ ఒక క్రికెట్ క్లబ్బు కాగితానికి ఎక్కడినుంచి వచ్చింది? ఆ క్లబ్బు స్కోరు పుస్తకాన్ని ఎవరూ ఫోర్జరీ చేయరు. దాని రోలర్‌ను ఎవరూ ఎత్తుకుపోరు. సంఘం పెద్దలను ఎన్నుకునేది సభ్య క్లబ్బులే గనుక అందరికీ కావాల్సింది దాని ఓటు.

పాత సంగతులు పాఠకులకు తెలిసినవే. హెచ్‌సీఏ కుమ్ములాటలతో విసిగి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్.నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేసింది. కొద్దిమంది గుప్పిట్లో బోలెడన్ని క్లబ్బులున్నాయని తేల్చి, ఆ కమిటీ 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టింది. అదే అక్టోబరులో జరిగిన ఎన్నికలో అధ్యక్ష పదవి వేళ్లమీద లెక్కపెట్టే ఓట్ల తేడాతో తేలింది. రెండు వందల పైచిలుకు సభ్యులున్న సంఘంలో 57 అంటే నాలుగో వంతు. ఒక జట్టులో నాలుగో వంతు ఆటగాళ్లు దొంగ పేర్లతో దిగితే అంపైర్ ఆట ఆపేస్తాడు. ఇక్కడ ఆట ఆపడానికి సుప్రీంకోర్టు దిగిరావాల్సి వచ్చింది!

ఇంతకీ క్లబ్బంటే ఏమిటి? లెటర్‌హెడ్డు, రబ్బరు స్టాంపు, కార్యదర్శి సంతకం... ఇదే క్లబ్బని నమ్మించడంలో మన పెద్దలు గెలిచారు గనుక అసలు క్లబ్బు ఏం చేస్తుందో మరోసారి చెప్పుకోవాలి.

కింది డివిజన్ల ఆట చాలాకాలం మ్యాటింగ్ వికెట్ మీదే సాగింది. మొరం నేలను తడిపి, రోలర్‌తో అణిచి, దానిపై 22 గజాల కొబ్బరిపీచు చాపను లాగి పరుస్తారు. అంచుల వెంట మేకులు దిగ్గొడతారు. ఇద్దరు ఒక కొసన, ఇద్దరు మరో కొసన పట్టుకుని బిగువుగా లాగకపోతే గంటలో చాప వదులవుతుంది. మడత మీద పడ్డ బంతి ఒకసారి మోకాలికి, ఒకసారి మొహానికి వస్తుంది. పొద్దున్నే ఆరున్నరకు వెళ్లి ఈ పని చేయించేవాడు, మధ్యలో వెళ్లి మేకులు సరిచూసేవాడు, సాయంత్రం చుట్టి షెడ్డులో పడేసేవాడు ఉంటే అది క్లబ్బు. అలాంటి క్లబ్బులు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. ఓటు బేరాల్లో వాటి కార్యదర్శులు కనిపించరు. మైదానంలో కనిపిస్తారు.

చాప మీద బౌన్స్ ఎక్కువ, అదీ ఒకే తీరున. కుర్రాడు వెనక్కి జరిగి మణికట్టుతో తిప్పడం, కట్ చేయడం సులువుగా నేర్చేస్తాడు. స్పిన్నర్‌కు పట్టు దొరుకుతుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ కుర్రాణ్ని ఒక్కసారిగా టర్ఫ్ (మట్టీ గడ్డీ ఉన్న పిచ్) మీదకు తోస్తే మొదటి గంటలో తేమకు సీమ్ (బంతి కుట్టు) పట్టుకుని బంతి కదులుతుంది, నాలుగో ఇన్నింగ్స్‌లో చీలమండ ఎత్తున జారి వస్తుంది. అప్పుడు ముందుకాలు కదలదు, ఎల్బీడబ్ల్యూ. ప్రతిభ లేక కాదు, ఆ కాలికి ఆ అలవాటు చేయించిన వాళ్లు లేక. పేసర్ గతి ఇంకా కష్టం. చాప మీద రబ్బరు సోల్ బూట్లతో పరిగెత్తినవాడు టర్ఫ్ మీద స్పైకులతో ముందుపాదం మోపగానే రనప్ కొలతే మారిపోతుంది. నో బాల్స్ పడతాయి. నో బాల్ భయంతో అడుగు కుదిస్తే వేగం పోతుంది. ఈ మార్పు సెలెక్షన్ మ్యాచ్ రోజున నేర్చుకునేది కాదు, రెండు మూడు సీజన్ల లీగ్ ఆటలో ఒంటబట్టేది.

టర్ఫ్ వికెట్ తయారు చేయడమూ ఆషామాషీ కాదు. నల్లరేగడి పట్టీని వారం, పది రోజులు నీళ్లు పెట్టి, బరువు రోలర్ తిప్పి, గడ్డి కోసి, ఎండబెట్టాలి. పైన తడిపి ఊరుకుంటే అడుగు మెత్తగా ఉండి పైపొర పగులుతుంది, బంతి ఆగి వస్తుంది. ఒకసారి ఆడిన పట్టీకి విశ్రాంతి ఇవ్వాలి. అందుకే మూడు రోజుల లీగ్ నడవాలంటే మైదానాలు కావాలి, పట్టీలు కావాలి, వాటిని చూసుకునే గ్రౌండ్స్‌మన్‌కు నెలనెలా జీతం అందాలి. ఈ మూడూ లేకుండా ఫిక్చర్లు మాత్రం ముద్రిస్తే ఒక ఆటలోని డీప్ మిడ్ వికెట్ ఫీల్డర్ పక్క ఆట కవర్స్‌లో నిలబడాల్సి వస్తుంది.

బంతి సంగతి మరీ ఘోరం. తోలు నాలుగు ముక్కలుగా కుట్టిన మంచి బంతికి బదులు రెండు ముక్కల చౌక బంతితో ఆడిస్తే పాతిక ఓవర్లకే కుట్టు అణిగి, ఆకారం పోయి గుమ్మడికాయవుతుంది. మెరుపు ఒకవైపు నిలపడం, సీమ్ నిటారుగా వదలడం, పాతబడ్డాక రివర్స్ స్వింగ్ రాబట్టడం ఇవేవీ ఆ బంతితో రావు. 57 గ్రాముల టెన్నిస్ బంతితో గల్లీలో వేగం నేర్చిన కుర్రాడికి దాదాపు 160 గ్రాముల తోలు బంతి చేతికిచ్చి, దాని భాష నేర్పాల్సింది క్లబ్బే. సిరాజ్ కూడా టెన్నిస్ బంతి నుంచే వచ్చాడు. లీగ్‌లో చార్మినార్ క్లబ్బుకు ఆడాడు. 2015 నవంబరులో రంజీ ఆడాడు. 2016-17 సీజన్లో 41 వికెట్లు తీశాడు, ఆ తర్వాతే సన్‌రైజర్స్ 2.6 కోట్లు పెట్టింది. ఈ వరసలో క్లబ్బు మెట్టు తీసేస్తే మిగిలేది ఈద్గా మైదానంలో వేగంగా విసిరే మరో కుర్రాడు.

ఎదిగే పేసర్ నడుము సంగతీ అంతే. ఇంగ్లండ్ బోర్డు 15 ఏళ్లలోపు వారికి స్పెల్‌కు 6, రోజుకు 12 ఓవర్లే అని ఏళ్ల తరబడి కట్టడి పెట్టింది. ఇక్కడ శనివారం ఒక జట్టుకు, ఆదివారం ఇంకో టోర్నీకి, మధ్యలో సిమెంటు నెట్స్‌లో. ఎవరికీ లెక్క ఉండదు. పదిహేడో ఏట వెన్నుపూస బీటవారితే అప్పుడు ఎంఆర్‌ఐ. కుర్రాడు వారమంతా ఎన్ని ఓవర్లు వేశాడో నోటుబుక్కులో రాసుకోవడానికి క్లబ్బుకు పది రూపాయల పెన్ను చాలు. ఓట్లు లెక్కపెట్టే వేళ్లకు ఓవర్లు లెక్కపెట్టడం చేతకాదా?

క్లబ్బులో అసలు కోచ్ సీనియర్. ముప్ఫై దాటి, రంజీ ఆడినా ఆడకున్నా, ఉద్యోగం చేసుకుంటూ సీజనంతా ఆడే మనిషి. స్లిప్‌లో నిలబడి ‘రెండు అంగుళాలు ముందుకు వెయ్‌రా’ అని చెప్పేది అతడే. ఆ మనిషిని బ్యాంకులు పోషించాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. విలీనాల తప్పొప్పులు వేరే చర్చ. కానీ స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే కరవైతే పాతికేళ్లకే ఆటగాడు బ్యాటు అటకెక్కించి పొట్టకూటి దారి చూసుకుంటాడు. లీగంతా కుర్రాళ్లే మిగులుతారు. పదహారేళ్ల వాడు పదహారేళ్ల వాడి మీద పరుగులు తీస్తూ పంతొమ్మిదికి చేరతాడు. అతడు మొదటిసారి పెద్దవాళ్లతో ఆడేది రంజీలోనే అయితే ఇక చెప్పేదేముంది?

అన్నిటికన్నా పెద్ద నష్టం స్కోరు పుస్తకానికి. లీగ్‌లో వంద కొట్టాడంటే సెలెక్టర్ అడిగే మొదటి మాట: ‘ఎవరి మీద?’. ఎదుటి క్లబ్బు పేరుకే ఉండి, పొద్దున దొరికినవాళ్లను పదకొండుగా లెక్కచెప్పి దింపిందనుకోండి, ఆ వందకు విలువ లేదు. వాకోవర్ ఇచ్చిందనుకోండి, అసలు ఆటే లేదు. రిజిస్టరులో ఒక పేరు, మైదానంలో ఇంకో మొహం అయితే మరీ మంచిది! ఇలాంటి నాలుగు మ్యాచ్‌లు కలిస్తే లీగ్ అంకెలన్నీ అనుమానం పాలవుతాయి. అంకెలు నమ్మలేనప్పుడు సెలెక్టర్ దేన్ని నమ్మాలి? ఫోన్లను. సిఫార్సు ఇక్కడే దూరుతుంది. జట్టులో చోటుకు ఇంత అన్న ఆరోపణలు ఇక్కడే పుడతాయి. ఓటు కోసం బతికించుకున్న క్లబ్బు ఊరికే ఓటు వేసి పోదు, దాని పక్కనున్న నిజమైన క్లబ్బు కుర్రాడి వందను కూడా చిత్తుకాగితం చేసి పోతుంది. 1986-87లో రంజీ ట్రోఫీ ఎత్తిన హైదరాబాద్ 2022-23లో అడుగు శ్రేణి అయిన ప్లేట్ విభాగానికి జారింది. మరుసటి సీజన్ అక్కడ అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లోనే ట్రిపుల్ సెంచరీ దాటి 366 చేశాడు. రికార్డు రికార్డే, అతడి తప్పేం లేదు. కానీ అక్కడా ఆ ప్రశ్న వదల్లేదు: ‘ఎవరి మీద?’

క్లబ్బుల కాలం చెల్లిందనీ, అకాడమీలూ ఐపీఎల్ స్కౌట్లూ ఆ పని చేస్తున్నారనీ ఒక వాదన ఉంది. తిలక్ వర్మ లింగంపల్లి అకాడమీలో తయారయ్యాడన్నదీ నిజమే. అయితే అకాడమీ అమ్మేది నెట్ సమయం. రెండు గంటల నెట్‌కు ఇరవై మంది పిల్లలుంటే తలకు ఆరు నిమిషాలు. ఔటైనా మళ్లీ గార్డు తీసుకోవచ్చు. మ్యాచ్‌లో ఔటైతే రోజంతా చెట్టు కింద కూర్చోవాలి. ఆ కూర్చోవడమే ఆట నేర్పుతుంది. పైగా అకాడమీ కుర్రాడైనా లీగ్ ఆడాలంటే ఏదో ఒక క్లబ్బులో పేరు నమోదు కావాల్సిందే, మారాలంటే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) కోసం ఆ కార్యదర్శి గడప తొక్కాల్సిందే. ఇక స్కౌట్లంటారా, వాళ్లు పండిన కాయ కోసుకుపోయేవాళ్లు. పాదుకు నీళ్లు పోసేవాళ్లు కారు.

ముంబయిని చూడండి. 1948లో మొదలైన క్లబ్బుల పోటీ కాంగా లీగ్ నడివానల్లో, తడి వికెట్ల మీద జరుగుతుంది. ఏ నుంచి జీ దాకా ఏడు డివిజన్లు. ఓడితే కిందికి, గెలిస్తే పైకి. గావస్కర్ టెస్టుల్లో ప్రపంచాన్ని ఏలుతున్న రోజుల్లోనూ దాదర్ యూనియన్‌కు ఆడారు. సిడ్నీలో 1893-94 నుంచి ప్రాంతాలవారీ క్లబ్బులు నడుస్తున్నాయి. ఒక్కో క్లబ్బు ప్రతి వారం నాలుగైదు జట్లను దింపుతుంది. పదిహేనేళ్ల వాడు అడుగు గ్రేడులో నలభై ఏళ్ల వాడి పక్కన ఆడి మొదటి గ్రేడు దాకా ఎక్కుతాడు. బ్రాడ్‌మన్ సెయింట్ జార్జ్ క్లబ్బు మనిషే. అక్కడి క్లబ్బులు పుణ్యక్షేత్రాలేం కావు, రాజకీయాలు అక్కడా ఉన్నాయి. కానీ అక్కడ క్లబ్బు ముందు ఆడుతుంది, తర్వాత ఓటేస్తుంది.

హెచ్‌సీఏ క్లబ్బులన్నీ నగరం చుట్టూనే తిరుగుతాయి. ఖమ్మం, ఆదిలాబాద్, పాలమూరు కుర్రాడు సంచి సర్దుకుని హైదరాబాద్ గదిలో దిగితే తప్ప లీగ్ దొరకదు. భద్రాచలం నుంచి గొంగడి త్రిష అండర్-19 మహిళల ప్రపంచకప్ దాకా వెళ్లిందంటే అది ఆ కుటుంబం మొండితనం, వ్యవస్థ ఘనత కాదు. నగరంలో ఆడని క్లబ్బుకున్నంత మాట, జిల్లాలో ఆడే వందల మందికి లేదు. పొరుగున ఆంధ్ర సంఘం జిల్లాల మీద నిర్మాణం కట్టుకుంది. గాజువాక నుంచి నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో 114 కొట్టేదాకా, కడప జిల్లా పల్లె నుంచి శ్రీచరణి మహిళల ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసేదాకా ఆ దారి పనిచేసింది. వంకలు అక్కడా లేకపోలేదు, అది మరో రోజు రాద్దాం.

చేయాల్సిందేమిటో అందరికీ తెలుసు. గత మూడు సీజన్లలో లీగ్ మ్యాచ్‌లన్నీ ఆడిన క్లబ్బుకే ఓటు ఉండాలి. రెండు వాకోవర్లు ఇస్తే ఆ ఏడు ఓటు లేదు. నెట్ ఎక్కడుందో చిరునామా చెప్పాలి, కనీసం 18 మంది పేర్లు ఫొటోలతో నమోదవ్వాలి, వాళ్లలో అండర్-19 కుర్రాళ్లు ఉండాలి. ఒక మనిషికి, అతడి భార్యకు, బావమరిదికి కలిపి ఒక్కటే క్లబ్బు. ప్రతి స్కోరుకార్డూ ఆ సాయంత్రమే అందరికీ కనిపించేలా పెట్టాలి. ఏ వికెట్, ఏ బంతి, అంపైర్లెవరు అన్నవీ అందులో రాయాలి. ఇందులో ఒక్కదానికీ కోట్లు అక్కర్లేదు. అయినా ఒక్కటీ సాఫీగా జరగదు, ఎందుకంటే జరిగిన రోజున సగం కుర్చీలు కూలతాయి.

ఎన్నికల మాట వినిపించగానే హోటళ్లలో విందులు, ఫామ్‌హౌస్‌ల్లో మంతనాలు మొదలుపెట్టే పెద్దమనుషులు ఒక పని చేయండి. మీ చేతిలో ఉన్న క్లబ్బుకు కిందటి ఆదివారం ఓపెనింగ్ బౌలర్ ఎవరో, అతడు ఎన్ని ఓవర్లు వేశాడో, చాప ఎవరు పరిచారో కాగితం చూడకుండా చెప్పండి. చెప్పలేకపోతే ఆ స్టాంపు బల్ల మీద పెట్టి లేవండి. బయట పొద్దున ఆరు నుంచి కిట్ బ్యాగు మోసుకుని కుర్రాళ్లు నిలబడి ఉన్నారు.